ఎఫ్‌సీ 26 పాఠాలు – 3: డిఫెన్స్‌లో బంతి వెంట పరుగెత్తొద్దు

ఎఫ్‌సీ 26 అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్ మీద పోయిన రెండు పాఠాల్లో పాస్‌లు, త్రూ బాల్‌లు (డిఫెండర్ల మధ్య నుంచి ముందుకు పంపే పాస్‌లు) నేర్చుకున్నాం. ఈసారి డిఫెన్స్. ఆఫీసో కాలేజీయో అయ్యాక ఏ గంటసేపో ఆడుకునే మనలాంటి వాళ్లకు ఈ ఆట మీద విసుగు పుట్టేది సరిగ్గా ఇక్కడే. గోల్ కొట్టడం ఎలాగోలా వచ్చేస్తుంది. అవతలివాడు సెంటర్ లైన్ దగ్గర బంతి అందుకుని, ఇద్దరిని దాటి, మన కీపర్ ముందు ఒంటరిగా తేలితే మాత్రం ఏం చేయాలో తోచదు. ఆ చిక్కు కీపర్ ముందు మొదలు కాదు, అంతకు ముప్పై గజాల ముందే మొదలవుతుంది. ఈ పాఠమంతా ఆ ముప్పై గజాల గురించే.

ముందు ఈ కొత్త ఆట స్వభావం కొంచెం తెలియాలి. 1993 నుంచి ఫిఫా పేరుతో నడిచిన సిరీస్, 2023లో ఆ పేరు వదిలి ఎఫ్‌సీగా మారింది. 2025 సెప్టెంబర్ 26న వచ్చిన ఎఫ్‌సీ 26 ఆ కొత్త పేరుతో మూడోది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది, ఆటను అథెంటిక్, కాంపిటీటివ్ అని రెండు తీరులుగా విడదీయడం. కెరీర్ మోడ్‌లో (ఒక క్లబ్‌నో ఆటగాణ్ణో సీజన్లపాటు నడిపే ఆటలో) ఉండేది అథెంటిక్. ఆట నెమ్మదిగా, నిజం ఫుట్‌బాల్‌కు దగ్గరగా సాగుతుంది. పొడుగు, బరువు ఉన్న డిఫెండర్‌కు వాటి లాభం దక్కుతుంది. అల్టిమేట్ టీమ్, క్లబ్స్ లాంటి ఆన్‌లైన్ ఆటల్లో కాంపిటీటివ్ ఉంటుంది. పాస్‌లు వేగంగా కదులుతాయి, మీ ప్రమేయం లేకుండా కంప్యూటర్ తనంతట తాను బంతి లాక్కొచ్చి ఇవ్వడం తగ్గుతుంది. డిఫెన్స్ నేర్చుకునేవాళ్లు మొదట అథెంటిక్‌లోనే ఆడాలని నా గట్టి అభిప్రాయం. అక్కడ ఆలోచించడానికి సమయం దొరుకుతుంది. చేతివేళ్లకు అలవాటు పడ్డాక కాంపిటీటివ్‌కు వెళ్తే అంత టెన్షన్ ఉండదు.

ఇక అసలు సంగతి. బంతి పోగానే చాలామంది చేసే మొదటి పని స్ప్రింట్ బటన్ ఆర్2 నొక్కి బంతి ఉన్నవాడి మీదికి పరుగెత్తడం. (ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ వాళ్లకు అది ఆర్‌టీ. కింద ప్లేస్టేషన్ బటన్ల పేర్లే వాడతాను.) స్ప్రింట్‌లో ఉన్న ఆటగాడు చటుక్కున తిరగలేడు. అవతలివాడు ఎడమ స్టిక్‌ను కాస్త పక్కకు వంచితే చాలు, మీవాడు వాణ్ణి దాటి నాలుగడుగులు ముందుకు పోయి ఆగుతాడు. ఆ నాలుగడుగుల్లోనే గోల్ తయారైపోతుంది. అందుకే వాడికి దగ్గరగా రాగానే స్ప్రింట్ వదిలి ఎల్2 పట్టుకోండి. దీన్ని జాకీ అంటారు. జాకీలో మీ డిఫెండర్ మోకాళ్లు వంచి, బంతి వైపే ముఖం పెట్టి, పక్కలకూ వెనక్కీ అడుగులేస్తాడు. ఎల్2, ఆర్2 కలిపి నొక్కితే అదే పని వేగంగా చేస్తాడు, కానీ తిరగడంలో పట్టు తగ్గుతుంది. కాబట్టి దూరం తగ్గించుకోవడానికి రెండూ, దగ్గరికి చేరాక ఎల్2 ఒక్కటే.

కబడ్డీ చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కూతకొచ్చినవాడి మీదికి ఒక్కడే దూకితే వాడు తప్పించుకుని పాయింట్‌తో పోతాడు. గొలుసు పట్టుకుని మెల్లగా వెనక్కి జరుగుతూ, వాడు లోపలికి వచ్చేదాకా ఆగిన జట్టే వాణ్ణి పడుతుంది. ఇక్కడ మీరు ఆగాల్సింది అవతలివాడి కాలి నుంచి బంతి కాస్త దూరం జరిగే క్షణం కోసం.

ఆ క్షణం ఎప్పుడు వస్తుంది? మూడు చోట్ల దాదాపు తప్పకుండా వస్తుంది. వాడు స్ప్రింట్ మొదలుపెట్టగానే మొదటి టచ్ పొడుగ్గా పడుతుంది. కుడి స్టిక్‌తో ఏదైనా స్కిల్ (డిఫెండర్‌ను ఏమార్చే కదలిక) వేశాక, అది ముగిసే లోపు ఒక చిన్న సందు దొరుకుతుంది. మీ గోల్‌కు వీపు పెట్టి పాస్ అందుకుంటున్నప్పుడు కూడా అంతే. అప్పుడు సర్కిల్ నొక్కండి, అంటే నిలబడి చేసే ట్యాకిల్ (కాలితో బంతి లాక్కోవడం). బంతి వాడి కాలికి అంటుకుని ఉన్నప్పుడు నొక్కారో, మీ కాలు గాలిలోనే ఉంటుంది, వాడు పక్కనుంచి వెళ్లిపోతాడు. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, కళ్లు బంతి మీద కాక బంతికీ కాలికీ మధ్యనున్న ఖాళీ మీద పెట్టి ఆడితే వస్తుంది.

స్క్వేర్ బటన్‌తో వచ్చే, నేల మీద జారుతూ చేసే స్లైడ్ ట్యాకిల్‌ను ఈ పాఠం అయ్యేదాకా ముట్టుకోకండి. ఇలా ఒక ఆయుధం తీసేసి నేర్పడం కొత్త పద్ధతేమీ కాదు. మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిపెట్టిన మనిషి, డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతోనూ, బలం తక్కువైన కాలితోనే ఆడాలనే నియమంతోనూ పోటీలు నడిపించారు. చేతకాని పనిని తప్పించుకునే దారి మూసేస్తేనే అది అలవాటవుతుందని ఆయనకు బాగా తెలుసు. స్లైడ్ లేకపోతే మీరు జాకీ నేర్చుకోక తప్పదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: అసలు ఏ ఆటగాణ్ణి నడపాలి? ఎల్1 నొక్కితే ఆట బంతికి దగ్గరున్నవాణ్ణి ఇస్తుంది. చాలాసార్లు వాడు సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు మధ్యలో ఉండే డిఫెండర్. మీరు వాణ్ణి ముందుకు తీసుకెళ్లిన మరుక్షణం వాడి వెనక పెద్ద ఖాళీ తెరుచుకుంటుంది, అవతలి స్ట్రైకర్ అందులోకే పరుగెడతాడు. మీరు ఎంత ఖరీదైన డిఫెండర్‌ను కొన్నా, వాడు తన చోటు వదిలేస్తే ఆ డబ్బు దండగే. అందుకని కుడి స్టిక్‌ను మీ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ (డిఫెండర్ల వరుసకు కాస్త ముందు ఉండేవాడు) వైపు వంచి వాణ్ణి ఎంచుకోండి. సెంటర్ బ్యాక్‌లిద్దరినీ కంప్యూటర్‌కే వదిలేయండి, వరుస కాపాడటం వాళ్లకు వచ్చు. మీరు మిడ్‌ఫీల్డర్‌తో వెనక్కి పరుగెత్తుతూ, బంతి ఉన్నవాడికీ వాడు పాస్ ఇవ్వాలనుకునే స్ట్రైకర్‌కూ మధ్య దారిలో నిలబడండి. బంతి తీసుకోనక్కర్లేదు. దారి మూస్తే చాలు, వాడు వెనక్కో పక్కకో పాస్ ఇవ్వక తప్పదు. నిజం చెప్పాలంటే, ఈ ఆటలో గోల్ కొట్టినప్పటికన్నా ఇలా ఒక దాడిని బంతి ముట్టకుండానే ఆపినప్పుడు నాకు ఎక్కువ సంతోషం కలుగుతుంది. ఇటలీ డిఫెండర్ పాలో మాల్దిని ఆట చూసి పెరిగినవాళ్లకు ఆ సంతోషం వివరించనక్కర్లేదు.

సెంటర్ బ్యాక్‌ను తీసుకోవాల్సిన సమయం ఒకటుంది. మీ మిడ్‌ఫీల్డర్‌ను దాటేసి, బంతితో మనిషి పెనాల్టీ బాక్స్ అంచుకు వచ్చేశాడనుకోండి. అప్పుడిక తప్పదు. అప్పుడు కూడా మీదికి పోకండి. ఎల్2 పట్టుకుని, గోల్ మధ్యకు వెళ్లే దారికి అడ్డంగా ఉంటూ వాణ్ణి పక్కకు నెట్టండి. కీపర్లు నిలబడే చోటును ఈసారి ఆటలో మెరుగుపరిచారు. పక్క కోణం నుంచి వచ్చే షాట్లను వాళ్లు ఇదివరకటి కన్నా బాగా ఆపుతున్నారని నాకు అనిపిస్తోంది. కాబట్టి మధ్యలో నుంచి షాట్ కొట్టనివ్వకపోతే సగం పని అయినట్టే.

ఆర్1 గురించి ఒక మాట. అది పట్టుకుంటే పక్కవాడెవడో వెళ్లి బంతి ఉన్నవాణ్ణి ఒత్తిడి చేస్తాడు. హాయిగానే ఉంటుంది. కానీ వెళ్లినవాడు తన చోటు ఖాళీ చేసి వెళ్తాడు, పైగా అలసిపోతాడు. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర అవతలివాణ్ణి మూలకు నెట్టినప్పుడు ఒక్క క్షణం వాడండి, అంతే.

టాక్టిక్స్‌లో ఎక్కువ మార్చకండి. డిఫెన్సివ్ అప్రోచ్ బ్యాలెన్స్‌డ్‌లో పెట్టండి. ఎఫ్‌సీ 25 నుంచి వచ్చిన ప్లేయర్ రోల్స్‌లో మీ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌కు హోల్డింగ్, ఫోకస్ డిఫెండ్ ఇవ్వండి. దాడికి వెళ్లినా వాడు వెనకే ఉంటాడు, బంతి పోగానే మీ చేతికి దొరుకుతాడు. రెండు వైపులా ఫుల్ బ్యాక్‌లను (పక్కల ఉండే డిఫెండర్లను) ముందుకు పంపే రోల్ మాత్రం వద్దు. ఒకరికి ఇస్తే ఇంకొకరిని వెనకే ఉంచండి.

ఈ వారం సాధన ఇది. కిక్ ఆఫ్‌లో (విడి మ్యాచ్‌లు ఆడే మోడ్‌లో) అథెంటిక్ ఎంచుకుని, కష్టం సెమీ ప్రో పెట్టండి. మొదటి మ్యాచ్‌లో స్క్వేర్, ఆర్1 రెండూ నిషేధం. గెలుపు గురించి ఆలోచించకండి. రెండో మ్యాచ్‌లో బంతి అవతలివాళ్ల దగ్గర ఉన్నంతసేపూ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌నే నడపాలి, బాక్స్ అంచుకు వస్తే తప్ప సెంటర్ బ్యాక్‌ను ముట్టకూడదు. గోల్ పడితే రీప్లేను దాటేయకుండా చూడండి. కొట్టినవాణ్ణి కాదు, మీ వరుసలో ముందుగా చోటు వదిలినవాడెవడో వెతకండి. పదింట ఎనిమిదిసార్లు అది మీ చేతిలో ఉన్న ఆటగాడే అయి ఉంటాడు. ఇది రెండు మూడు సాయంత్రాలు నడిచాక కష్టాన్ని ప్రొఫెషనల్‌కు పెంచండి. అక్కడ పాస్‌లు వేగంగా వస్తాయి కాబట్టి కుడి స్టిక్‌తో మనిషిని మార్చడం ఇంకాస్త ముందుగా చేయాల్సి ఉంటుంది.

నాలుగో పాఠం కార్నర్లు, క్రాస్‌లు, అంటే గాలిలో వచ్చే బంతులు. దానికి ముందు కంట్రోలర్ సెట్టింగ్స్‌లో ఆటో స్విచింగ్‌ను (మీరు నడిపే ఆటగాణ్ణి ఆట తనంతట తాను మార్చడాన్ని) ఆన్ ఎయిర్ బాల్స్‌కు మార్చి ఉంచుకోండి.