దర్శనం అయ్యాక ఇంకొక్క రోజు ఉండండి: పిల్లలతో తిరుపతి చుట్టుపక్కల

తిరుమల దర్శనం చేసుకుని, మర్నాడు తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం ఒకే ఊపులో చుట్టేసి రాత్రి రైలెక్కేవాళ్ళే ఎక్కువ. పెద్దవాళ్ళకు అందులో తృప్తి ఉంటుంది. పిల్లలకు మాత్రం క్యూలు, కారు సీటు తప్ప ఏమీ గుర్తుండదు. నేను చంద్రగిరి చుట్టుపక్కల బళ్ళలో సోషల్ చెప్పి రిటైరయినవాణ్ణి. మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి మా ఇంటికొచ్చే చెల్లెళ్ళ మనవళ్ళను, మనవరాళ్ళను వెంటబెట్టుకుని తిప్పేది నేనే. నా పద్ధతి ఏమిటంటే, రోజుకు ఒక్క పెద్ద చోటే పెట్టుకుంటాను. అక్కడ అడుగుపెట్టే ముందే పిల్లలకు వెతకడానికి ఏదో ఒకటి అప్పజెబుతాను. కథ ముందుగా చెప్పను. వెతికి అలిసిపోయాక వాళ్ళే అడుగుతారు, అప్పుడు చెబితే చెవికెక్కుతుంది.

మొదటిసారి వచ్చేవాళ్ళు చంద్రగిరి కోటతో మొదలుపెట్టండి. తిరుపతి నుంచి 15 కిలోమీటర్ల లోపే. రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, దానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక గేటు దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్ళను చూస్తుంటే బాధేస్తుంది. లోపలికి వెళ్ళే ముందు పిల్లలతో ఇలా అనండి: "ఈ మూడంతస్తుల మేడలో ఎక్కడైనా ఒక్క కొయ్య దూలం కనిపెట్టండి చూద్దాం." గది గదికీ తలెత్తి చూసుకుంటూ పోతారు. దొరకదు. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. మరి పై అంతస్తు బరువు ఎవరు మోస్తున్నారని అడిగితే కమానుల వైపు వేలు చూపించే పిల్ల ఒకరైనా ఉంటుంది. ఆ క్షణం కోసమే నేను మళ్ళీ మళ్ళీ వెళ్తాను.

తర్వాత బయట పచ్చిక మీద కూర్చోబెట్టి రెండు ముక్కలు చెప్పండి చాలు. ఈ కోటను ఏలిన సాళువ నరసింహుడే 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565 తళ్ళికోట యుద్ధంతో హంపీ పాడయ్యాక రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి వెంకటపతి రాయల కాలంలో చంద్రగిరికి వచ్చింది. మద్రాసు పిల్లలుంటే ఇంకో మాట చేర్చండి. 1639లో ఈస్టిండియా కంపెనీవాడు ఫ్రాన్సిస్ డే సముద్రం ఒడ్డున కోటకు జాగా సంపాదించినప్పుడు, ఆ తీరం చంద్రగిరి రాయల ఏలుబడిలో ఉండేది. మా ఊరు మీ ఊరి కిందిదా అని మా చెల్లెలి మనవడు నాతో వాదానికి దిగాడు. వాదించనివ్వండి. వెనక కొండ మీది పైకోటకు మాత్రం చిన్నపిల్లలను తీసుకుపోవద్దు, ఆ బండల మీద నీడ ఉండదు.

తిరుమల ఘాట్ రోడ్డును ఎవరూ చూసే చోటుగా లెక్కెయ్యరు గానీ, నా లెక్కలో జిల్లా మొత్తంలో అంత పాత సంగతి ఇంకొకటి లేదు. కొండెక్కేటప్పుడు పిల్లలను కిటికీ పక్క కూర్చోబెట్టి, రాయి ఎక్కడ మారుతుందో కనిపెట్టమనండి. కింద పొరల్లేని గ్రానైట్. దాని పైన పలకలు పేర్చినట్టు పొరలుపొరలుగా క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ఆ రెండు రాళ్ళు కలిసే గీత దగ్గర సుమారు 80 కోట్ల సంవత్సరాల భూమి చరిత్ర లేకుండా పోయింది, అంతా కోసుకుపోయింది. అందుకే దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. బండి మధ్యలో ఆపకండి, కిటికీలోంచి చూస్తే చాలు. పైన శిలాతోరణం దగ్గర నిదానంగా దిగి చూడొచ్చు. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఆ తోరణాన్ని ఏ శిల్పీ చెక్కలేదు, గాలీ వానా చేసిన పనే.

గుడిమల్లం పొద్దున్నే వెళ్ళాల్సిన చోటు. రేణిగుంట దాటి, గాజుపూసలకు పేరున్న పాపానాయుడుపేట మీదుగా పోతే స్వర్ణముఖి ఒడ్డున ఉంటుంది. ఇక్కడి పరశురామేశ్వరుడి లింగం క్రీస్తు పూర్వం నాటిదని చాలామంది పండితుల అంచనా. లింగం మీదే నిలబడిన శివుడున్నాడు. ఆయన చేతుల్లో ఏమున్నాయో, కాళ్ళ కింద ఎవరున్నారో చూసి రమ్మనండి. కుడిచేత పొట్టేలు, ఎడమచేత చిన్న నీటిపాత్ర, భుజం మీద గండ్రగొడ్డలి, పాదాల కింద మరుగుజ్జు యక్షుడు. గర్భగుడి నేల కిందికి ఉంటుంది కాబట్టి చిన్నవాళ్ళను ఎత్తుకుని చూపించండి. గుడి వెనక్కి వెళ్ళి ఏనుగు వీపులా గుండ్రంగా ఉన్న గోడ కూడా చూపించండి, దాన్నే గజపృష్ఠం అంటారు.

మరీ చిన్నపిల్లలయితే జూపార్కు చాలు. మంగళవారం సెలవు. పెద్ద అడవంత జాగా, నడిచి తిరగాలనుకోకండి.

తలకోనకు మాత్రం పూర్తిగా ఒక రోజు ఇవ్వాలి. తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు. 270 అడుగుల జలపాతం, శేషాచలం అడవి, సిద్ధేశ్వరుడి గుడి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా నీళ్ళు బాగుంటాయి. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ఎంత టికెట్లు కొని పెట్టుకున్నా మానుకోండి. నీళ్ళలో దిగాక ఒక పెద్దమనిషి ఒడ్డునే నిలబడి పైకి చూస్తూ ఉండాలి. నీళ్ళు ఉన్నట్టుండి ఎర్రబడ్డా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా పైన వాన పడినట్టే. ఫోటోలు తర్వాత, ముందు పిల్లలను గట్టుకెక్కించండి. పాచి పట్టిన బండల మీద చెప్పులతో నడవనివ్వొద్దు.

అడవిలో వెతకమనేది గిల్లతీగ. మనిషి నడుమంత లావు తీగ చెట్లను చుట్టుకుని పాకుతుంటే, అది తీగంటే పిల్లలు నమ్మరు. చిత్రాన్నం, పెరుగన్నం ఇంట్లోనే కట్టుకుని రండి. ప్లాస్టిక్ కవర్లు చేత్తో పట్టుకుని నడిస్తే కోతులు లాక్కుపోతాయి, గుడ్డసంచిలో పెట్టి మూతి బిగించండి. ఖాళీ కవరు ఒక్కటి కూడా అక్కడ వదలొద్దు, చేతులెత్తి అడుగుతున్నాను. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలి.

అవ్వా తాతలు తోడుంటే తలకోన కన్నా పుత్తూరు వైపు కైలాసకోన మేలు. జలపాతం చిన్నదే గానీ నడక తక్కువ. దారిలో శ్రీనివాసుడికీ పద్మావతికీ పెళ్ళి జరిగిందని చెప్పే నారాయణవనం ఉంది. ఇంకొంచెం ముందుకు పోతే నాగలాపురం, శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు మీద వెలయించిన ఊరు. అక్కడి వేదనారాయణస్వామి మత్స్యావతారం, ఆయన కాళ్ళ వైపు చేప ఆకారాన్ని పిల్లలే ముందు గుర్తుపడతారు. మార్చిలో మూడు సాయంత్రాలు సూర్యకిరణాలు వరసగా స్వామి పాదాల మీద, నాభి మీద, నుదుటి మీద పడతాయి. ఆ రోజుల్లో జనం ఎక్కువ, ముందుగా చేరుకోండి.

మద్రాసు వాళ్ళయితే మళ్ళీ తిరుపతికి రానక్కర్లేదు. నాగలాపురం నుంచి ఊత్తుకోట దారి పట్టండి. మధ్యలో సురుటుపల్లి వస్తుంది, పార్వతీదేవి ఒడిలో తల పెట్టుకుని పడుకున్న శివుడు అక్కడ ఉన్నాడు. ప్రదోషం రోజు కాకుండా చూసుకుంటే పావుగంటలో దర్శనం చేసుకుని బయల్దేరొచ్చు.