కెర్నెల్ కోడ్‌లో మెమరీ దొరక్కపోతే ఏం చేయాలి?

తిరుపతి ఇంజనీరింగ్ పిల్లలు రాసిన లినక్స్ డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రమైన కెర్నెల్ లోపలే నడుస్తుంది) రివ్యూకి వచ్చినప్పుడల్లా ఒకటే తంతు. మెమరీ అడిగే కేమాలాక్ ఫంక్షన్ పిలుస్తారు, నల్ (ఖాళీ పాయింటర్, అంటే మెమరీ దొరకలేదని) వచ్చిందేమో చూస్తారు, వస్తే మైనస్ ఈనోమెమ్ (మెమరీ లేదనే ఎర్రర్ కోడ్) రిటర్న్ చేసేస్తారు. అంతటితో పని అయిపోయిందనుకుంటారు. అప్పటిదాకా తీసుకున్నవన్నీ ఎవరు వెనక్కి ఇస్తారు?

మామూలు ప్రోగ్రామ్‌లో ఈ నిర్లక్ష్యం చెల్లిపోతుంది. ప్రోగ్రామ్ ముగియగానే దాని మెమరీ అంతా కెర్నెల్ వెనక్కి తీసుకుంటుంది. కెర్నెల్‌లోనే లీకైతే, అంటే తీసుకున్న మెమరీని ఎవరూ వదలకపోతే, రీబూట్ చేసేదాకా అది తిరిగి రాదు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కోల్డ్ రూమ్ ఉష్ణోగ్రత చూసే బోర్డు సీజన్ అంతా ఆగకుండా నడవాలి. దాన్ని మధ్యలో రీబూట్ చేసుకోండని చెప్పడం పరిష్కారం కాదు.

కావలసినవి: క్యూఎము ఎమ్యులేటర్‌లో ఒక వర్చువల్ మెషీన్, సొంతంగా బిల్డ్ చేసిన కెర్నెల్. కాన్ఫిగ్‌లో ఫాల్ట్ ఇంజెక్షన్ (కావాలని ఎర్రర్లు పుట్టించేది), దాని డీబగ్‌ఎఫ్‌ఎస్ ఆప్షన్, ఫెయిల్‌స్లాబ్ (మెమరీ అడిగితే ఫెయిల్ చేసేది), కేమెమ్‌లీక్ (లీక్‌లు వెతికేది), కాసాన్ (వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టేది) ఆన్ చేయండి. రోజూ వాడే ల్యాప్‌టాప్ మీద ఈ ప్రయోగాలు వద్దు.

1. ఫ్లాగ్ (మెమరీ ఎలా ఇవ్వాలో కెర్నెల్‌కి చెప్పే గుర్తు) ఎంచుకోండి. నిద్రపోగల చోట, అంటే మెమరీ దొరికేదాకా కోడ్ ఆగగలిగే చోట, జీఎఫ్‌పీ కెర్నెల్. ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ పిలుపు) హ్యాండ్లర్‌లో, స్పిన్‌లాక్ (నిద్రపోనివ్వని తాళం) పట్టుకున్న చోట జీఎఫ్‌పీ అటామిక్. ఎందుకైనా మంచిదని అన్నిచోట్లా అటామిక్ వేయకండి. అది ఆగి మెమరీ ఖాళీ చేయించలేదు కాబట్టి త్వరగా ఫెయిలవుతుంది, పైగా అత్యవసరానికి దాచిన నిల్వను తినేస్తుంది.

2. అడగండి, చూడండి. అర్రే అయితే కేకాలాక్ వాడండి, ఎన్ని, ఒక్కోదాని సైజెంత అనే గుణకారం ఓవర్‌ఫ్లో అయితే అదే పట్టుకుంటుంది. నల్ వస్తే మెసేజ్ ప్రింట్ చేయనక్కర్లేదు, కెర్నెల్ తనంతట తనే స్టాక్ (ఏ ఫంక్షన్ ఏది పిలిచిందనే జాబితా)తో సహా లాగ్‌లో రాస్తుంది. బగ్‌ఆన్ పెట్టి మెషీన్‌నే పడగొట్టడం ఎప్పుడూ వద్దు. కేథ్రెడ్‌రన్ (కెర్నెల్ థ్రెడ్ మొదలుపెట్టేది) లాంటివి నల్ ఇవ్వవు, ఎర్రర్ పాయింటర్ (ఎర్రర్ కోడ్ దాచిన పాయింటర్) ఇస్తాయి. వాటిని ఈజ్‌ఎర్ర్‌తో చూడాలి. కేమాలాక్ ఇచ్చిన దాన్ని ఈజ్‌ఎర్ర్‌తో చూస్తే నల్ దర్జాగా దాటిపోతుంది.

3. వెనక్కి దిగండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

మన బోర్డు డ్రైవర్ ప్రోబ్ ఫంక్షన్‌నే (డివైస్ దొరకగానే కెర్నెల్ పిలిచేది) తీసుకోండి. అది వరుసగా తీసుకునేవి: స్ట్రక్చర్, బఫర్, వర్క్‌క్యూ (తర్వాత చేయాల్సిన పనుల వరుస), ఇంటరప్ట్, చివరగా డివైస్ రిజిస్ట్రేషన్. వర్క్‌క్యూ దగ్గర ఫెయిలైతే బఫర్ వదలాలి, తర్వాత స్ట్రక్చర్ వదలాలి. ఇంటరప్ట్ జోలికి పోకూడదు, దాన్ని మనం ఇంకా తీసుకోలేదు. అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం దగ్గర వెనుదిరిగినవాళ్లు అక్కడిదాకా ఎక్కిన మెట్లే దిగుతారు. కోడ్ కూడా అంతే.

దీనికి గోటు (పేరు పెట్టిన చోటికి నేరుగా గెంతే ఆదేశం) లేబుళ్లు వాడండి. కాలేజీలో గోటు పాపమని నేర్పిస్తారు, పిల్లలు ఆ భయంతో ఇఫ్‌లో ఇఫ్ పెట్టుకుంటూ స్క్రీన్ కుడి అంచుదాకా పోతారు. లినక్స్ కోడింగ్ స్టైల్ పత్రమే ఈ పనికి గోటు వాడమంటుంది. లేబుల్‌కి ఎర్ర్1, ఎర్ర్2 అని అంకెలు వేయకండి. రేపు మధ్యలో ఇంకో మెట్టు చేరితే అంకెలన్నీ తప్పుతాయి. అది ఏది వదులుతుందో దాని పేరే పెట్టండి: ఫ్రీ బఫర్, ఫ్రీ స్ట్రక్చర్. అన్నిటికీ కలిపి ఒకే లేబుల్ పెట్టి కింద ఇఫ్‌లతో నెట్టుకొచ్చే పద్ధతిని నేను ఒప్పుకోను.

గెంతే ముందు రెట్‌లో (ప్రోబ్ తిప్పి పంపే విలువ ఉండే వేరియబుల్‌లో) మైనస్ ఈనోమెమ్ పెట్టారా? కేమాలాక్ ఇచ్చేది నల్ మాత్రమే, ఎర్రర్ కోడ్ కాదు. అంతకుముందు పిలిచిన ఏదో ఫంక్షన్ రెట్‌లో సున్నా వదిలి ఉంటే మీ ప్రోబ్ అన్నీ వదిలేసి, సున్నా తిప్పి పంపుతుంది. కెర్నెల్ దాన్ని విజయమనుకుంటుంది. తర్వాత ఎవరు ఆ డివైస్‌ని ముట్టుకున్నా వదిలేసిన మెమరీ మీద పడతారు.

వరుస ఎందుకంత ముఖ్యమంటే, ఇంటరప్ట్ మీ కోసం ఆగదు. బఫర్ వదిలి ఆ తర్వాత ఇంటరప్ట్ వదిలితే, ఆ మధ్యలో వచ్చిన ఒక్క ఇంటరప్ట్ వదిలేసిన బఫర్‌లో రాసేస్తుంది. అందుకే ముందు ఇంటరప్ట్, తర్వాత వర్క్‌క్యూ, తర్వాత బఫర్.

డెవ్‌ఎమ్ ఫంక్షన్లు (తీసుకున్నవాటిని తామే వదిలేవి) వాడితే ఇదంతా ఉండదంటారు. నిజమే, అవి కూడా వెనక నుంచే వదులుతాయి, కానీ ప్రోబ్ తిరిగొచ్చాకే వదులుతాయి. ఇంటరప్ట్ డెవ్‌ఎమ్‌తో, బఫర్ చేత్తో తీసుకున్నారనుకోండి. ఫెయిలైనప్పుడు మీ కేఫ్రీ (బఫర్ వదిలే పిలుపు) ముందు జరుగుతుంది, ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంటుంది. కాబట్టి అంతా డెవ్‌ఎమ్, లేదా అంతా చేత్తో. రెండూ కలపకండి.

రిజిస్ట్రేషన్ చిట్టచివర ఉండాలి. అది అయిన మరుక్షణమే యూజర్ ప్రోగ్రామ్ డివైస్‌ని తెరవొచ్చు. ఆ తర్వాత ఫెయిలయ్యే పని ఏదీ పెట్టకండి.

4. కావాలని ఫెయిల్ చేయించండి. జీఎఫ్‌పీ కెర్నెల్‌తో అడిగే చిన్న మెమరీ లినక్స్‌లో దాదాపు ఫెయిల్ కాదు. 8 పేజీల వరకు, అంటే 4 కేబీ పేజీలైతే 32 కేబీ దాకా, కెర్నెల్ పట్టు వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అంటే మీరు రాసిన ఎర్రర్ దారి మీ టేబుల్ మీద ఒక్కసారి కూడా నడిచి ఉండదు.

డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ డీబగ్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోట) ఫెయిల్‌స్లాబ్ కింద ఇగ్నోర్ జీఎఫ్‌పీ వెయిట్ అనే ఫైల్‌లో ఎన్ అని రాయండి. అది మొదట వై గా ఉంటుంది, అలా వదిలేస్తే నిద్రపోగల అలొకేషన్లు (మెమరీ అడగడాలు) ఫెయిలవ్వవు. చాలామంది ఈ ఒక్కటి మరిచిపోయి, అంతా బాగుందని టెన్షన్ లేకుండా వెళ్లిపోతారు. తర్వాత చిన్న సీ ప్రోగ్రామ్ రాసి, ప్రాక్‌లో (ప్రాసెస్‌ల వివరాలుండే చోట) తన సొంత ఫెయిల్ ఎన్త్ ఫైల్‌లో (ఎన్నోది ఫెయిల్ కావాలో చెప్పేది) 1 వేసి, ప్రోబ్ నడిచేలా అదే థ్రెడ్ నుంచి డ్రైవర్ బైండ్ ఫైల్‌లో డివైస్ పేరు రాయించండి. మొదటి అలొకేషన్ ఫెయిలవుతుంది. తర్వాత 2, తర్వాత 3. ఫెయిల్ ఎన్త్ చదివితే సున్నా కాకుండా వచ్చేదాకా, అంటే ఫెయిల్ చేయడానికి ఇంకేమీ మిగలనంత దాకా, పెంచుతూ పోండి.

ప్రతి అంకెకీ కేమెమ్‌లీక్‌కి స్కాన్ అని రాసి చదవండి, డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్‌లో) కాసాన్ ఏమైనా అరిచిందేమో చూడండి. లీక్ కనిపిస్తే దాని కిందే స్టాక్ ఉంటుంది. అందులో మీ ప్రోబ్ ఉంటే, ఆ అలొకేషన్ తర్వాత ఉన్న గోటులన్నీ ఒక్కొక్కటిగా చూడండి. వాటిలో ఒకటి ఒక లేబుల్ దాటి కిందకి గెంతుతూ ఉంటుంది.