కుటుంబ వేడుకల కానుకలకు ఎంత ఖర్చు పెట్టాలి?

కానుకకు ఎంత పెట్టాలన్నది దుకాణంలో అడుగు పెట్టకముందే, వీలైతే ఏడాది మొదట్లోనే తేల్చుకోవలసిన విషయం. గడచిన ఏడాది ఖాతా వివరాలు తీసి, పుట్టినరోజులకు, పెళ్ళిళ్ళకు, పసిబిడ్డల వేడుకలకు ఎంత ఖర్చయిందో కూడితే చాలామందికి తాము ఊహించినదానికంటే పెద్ద మొత్తమే కనిపిస్తుంది. పార్సిల్ ఖర్చులు, ఆ వేడుకకు వెళ్ళిరావడానికి అయిన ఛార్జీలు కూడా అందులో చేర్చాలి. ఇంటి ఖర్చులు, అప్పుల వాయిదాలు, పొదుపు పోగా మిగిలేదానిలో ఈ మొత్తం ఇమడకపోతే తగ్గించవలసింది ఈ మొత్తాన్నే. తేలిన అంకెను 12తో భాగించి నెలనెలా విడిగా దాచాలి. అందులో ఐదో వంతును ముందుగా తెలియని శుభకార్యాలకు అట్టిపెట్టుకోవడం మంచిది.

పంపకంలో అతి సూక్ష్మమైన లెక్కలు అక్కరలేదు. మరీ దగ్గరివారు, తరచుగా కలిసేవారు, తక్కినవారు అని మూడు వరుసలు చాలు. అయితే ఒకే వరుసలోని పిల్లల మధ్య తేడా చూపకూడదు, ఎందుకంటే పెద్దలు మరచిపోయినా పిల్లలు మరచిపోరు. భార్యాభర్తలు ఇరువైపుల బంధువులకూ ఒకే కొలత పెట్టుకుని, దానిని ముందే మాట్లాడుకోవాలి.

అసలు చిక్కు మొహమాటంతో వస్తుంది. వాళ్ళు మనకు ఖరీదైనది ఇచ్చారు కనుక అంతకు తగ్గకుండా ఇవ్వాలన్న పట్టుదల ఆదాయాల్లో తేడా ఉన్న అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను క్రమంగా దూరం చేస్తుంది. ఇచ్చినవారు తమ శక్తి కొద్దీ ఇచ్చారు, మనమూ మన శక్తి కొద్దీ ఇస్తే అది సమానమేనని నా గట్టి నమ్మకం. పైగా ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనాల్లో, ఖరీదు పెరిగితే మెప్పు పెరుగుతుందని ఇచ్చేవారు అనుకున్నారే గాని, పుచ్చుకున్నవారి సంతోషానికి ఖరీదుతో అటువంటి సంబంధం కనిపించలేదు. ఫ్లిన్ మరొక పరిశోధకురాలితో కలిసి 2011లో వెలువరించిన పరిశీలనలో, తాము కోరిన వస్తువే అందితే పుచ్చుకున్నవారు ఎక్కువగా మెచ్చుకుంటారని తేలింది. కాబట్టి ఏం కావాలో నేరుగా అడగడానికి సంకోచించవద్దు. అడిగి కొన్న చిన్న వస్తువు రోజూ వాడుకలో ఉంటుంది. వారు కోరింది మన పరిమితిని మించితే నలుగురైదుగురు కలిసి కొనవచ్చు, కాని ఒక్కొక్కరి వాటా ఎంతో ముందే చెప్పి, ఇవ్వలేనివారు తప్పుకునే వీలు కల్పించాలి.

కానుక కోసం అప్పు చేయవద్దు, క్రెడిట్ కార్డు బాకీని వచ్చే నెలకు నెట్టవద్దు. ఆదాయం తగ్గిన ఏడాది దగ్గరివారికి ఆ మాట ముందే చెప్పి, వేడుక పనుల్లో ఒక రోజు సాయపడవచ్చు. ఇచ్చిన ప్రతిసారీ పేరు, సందర్భం, మొత్తం రాసుకుంటూ, ఏడాది మధ్యలో ఖర్చు పరిమితి దాటితే మిగిలిన వేడుకల కేటాయింపును ఆ మేరకు తగ్గించాలి.