ఇంట్లో భజన రికార్డింగ్: ముందు పరుపులు, తర్వాతే మైకు

కోనసీమలో మా భజన బృందం పాటలను ఇంట్లోనే ల్యాప్‌టాప్‌లో రికార్డు చేస్తున్నాం. రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులను ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె) చాలు, కానీ అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ముందు మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని సమానంగా కొట్టే సాధనం) లయకు హార్మోనియం వాయించి రికార్డు చేయండి. దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ డోలక్, తాళాలు, గొంతులు ఒక్కొక్కటిగా చేర్చవచ్చు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితమే. అందులో 24 బిట్ నాణ్యతలో రికార్డు చేస్తూ, ఎంత గట్టిగా పాడినా శబ్ద స్థాయి చూపే మీటరు మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. స్థాయి మరీ మించి పగిలిన శబ్దం తర్వాత పూర్తిగా బాగుపడదు.

అన్నిటికన్నా ముఖ్యం గది. గచ్చు నేల, ఖాళీ గోడలు ఉంటే గొంతు మారుమోగుతుంది. మైకు ఎదురుగా, అంటే గాయకుడి వెనుక, బూరుగు దూది పరుపులు నిలబెట్టండి. తేడా వెంటనే వినిపిస్తుంది. ఫ్యాను ఆపండి. వానాకాలం రాత్రిళ్లు చేలల్లో కప్పల అరుపులు మైకులోకి వచ్చేస్తాయి, మధ్యాహ్నమే మేలు.