బాగున్న రోజుల్లోనే కుక్కను గమనించి పెట్టుకోండి

పెంపుడు కుక్కకు ఒంట్లో బాగోలేదని మనకు తెలిసేసరికి చాలాసార్లు రెండు మూడు రోజులు దాటిపోయి ఉంటాయి. కుక్క నొప్పిని చేతనైనంత వరకు దాచుకుంటుంది. కాలి మీద బండి ఎక్కితే అరుస్తుంది గాని, లోపల జ్వరమో కడుపు నొప్పో ఉంటే చప్పుడు చెయ్యకుండా ఓ మూలకి వెళ్ళి పడుకుంటుంది. మనం చూసి ఎండకి పడుకుందిలే అనుకుంటాం. అందుకే కుక్కను తెచ్చుకున్న ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే. జబ్బుల పేర్లు తర్వాత తెలుసుకోవచ్చు. మీ కుక్క బాగున్నప్పుడు ఎలా పడుకుంటుందో, ఎలా తింటుందో, ఎంత నీళ్ళు తాగుతుందో ముందు తెలుసుకోండి. అది తెలిస్తే తేడా రాగానే మీకే పట్టుబడుతుంది.

నేను ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో ఇంట్లోనే మిషను కుడతాను. మా కాళియా నల్లటి దేశవాళీ కుక్క. ఆ పేరు పక్కింటి ఒడియా పిల్లలు పెట్టారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడు మిషను కిందే పడుకుంటాడు కాబట్టి వాడి ప్రతి కదలికా నా కళ్ళ ముందే ఉంటుంది. మీకు అంత సేపు కుదరకపోయినా ఫరవాలేదు. రోజూ కొద్ది నిమిషాలు శ్రద్ధగా చూస్తే చాలు.

ముందు ఊపిరి చూడండి. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు ఒకసారి లేచి దిగితే ఒక లెక్క. ఫోన్‌లో టైం పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టండి. నిద్రలో నిమిషానికి 30 లోపు ఉండాలి. చల్లటి వేళ, హాయిగా పడుకున్నప్పుడు కూడా వరసగా 30 దాటుతుంటే గుండెకో ఊపిరితిత్తులకో ఇబ్బంది ఉందేమో చూపించాలి. కలలో కాళ్ళు ఆడిస్తున్నప్పుడు మాత్రం లెక్కపెట్టకండి, అప్పుడు ఊపిరి ఎలాగూ వేగంగానే ఉంటుంది.

తర్వాత చిగుళ్ళు. పై పెదవి ఎత్తి చూస్తే ఆరోగ్యంగా ఉన్న కుక్కకి చిగుళ్ళు లేత గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వేలితో నొక్కితే తెల్లబడి, వదిలాక రెండు సెకండ్ల లోపే మళ్ళీ రంగు రావాలి. చిగుళ్ళు తెల్లగా పాలిపోయినా, పసుపుపచ్చగా ఉన్నా, నీలం తిరిగినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మా వాడిలాగా కొన్ని కుక్కలకి చిగుళ్ళే నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగి లోపలి రంగు చూడాలి.

జ్వరాన్ని ముక్కు తడిని బట్టి చెప్పలేం. ముక్కు పొడిగా ఉంటే జ్వరమని మా వైపు అందరూ అంటారు గాని, ఎండలో పడుకుని లేచిన కుక్క ముక్కు ఎలాగూ పొడిగానే ఉంటుంది. కుక్క కోసం విడిగా ఒక డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి. కొసకి కొబ్బరి నూనె రాసి మలద్వారంలో కొద్దిగా పెట్టి చూడాలి. ఒకరు తల దగ్గర పట్టుకుని మాట్లాడిస్తూ ఉంటే కుక్క బెదరదు. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మనిషికి జ్వరమనిపించేది కుక్కకి మామూలే. 103 దాటితే అనుమానించాలి. 104 దాటితే ఆలస్యం చెయ్యకూడదు.

గుణం మారితే నొప్పి వెతకండి

కుక్క మొండికేసింది, కోపం ఎక్కువైంది అని మనవాళ్ళు చెప్పే మాటల వెనక చాలాసార్లు నొప్పి ఉంటుంది. ఎప్పుడూ పిల్లలతో ఆడుకునే కుక్క వీపు మీద చెయ్యి వేయగానే గుర్రుమందంటే దాని బుద్ధి చెడిపోయిందని కొట్టకండి. చెవిలో చీము ఉందేమో, పన్ను పుచ్చిందేమో, నడుము పట్టేసిందేమో చూడాలి. తలని ఒక పక్కకే విదిలిస్తూ చెవి గోక్కుంటుంటే చెవి లోపల వాసన చూడండి. ఒకే చోట రోజంతా నాకుతుంటే అక్కడ ముల్లో, పుండో, కీలు నొప్పో ఉండవచ్చు. పిర్రలు నేలకి రాసుకుంటూ పాకితే పురుగులు కావచ్చు, మలద్వారం పక్కన ఉండే గ్రంథులు నిండిపోయి కూడా కావచ్చు. అరుగు ఎక్కడానికి తటపటాయించే ముసలి కుక్కను బద్ధకమని తిట్టడం నాకు చాలా బాధగా ఉంటుంది. దానికి కీళ్ళు నొప్పి.

గుర్రుమనడాన్ని మాన్పించాలని చూడకండి. "దగ్గరికి రావద్దు" అని చెప్పడానికి కుక్కకి ఉన్న మాట అదొక్కటే. గుర్రుమన్నప్పుడల్లా కొడితే ఆ మాట మానేస్తుంది, భయం మాత్రం పోదు. అలాంటి కుక్క రేపు చెప్పకుండా కరుస్తుంది. గుర్రుమనగానే మీరు వెనక్కి తగ్గి, దేనికి భయపడిందో వెతకండి. అన్నం గిన్నె దగ్గరికి చంటిపిల్లలు వెళ్ళారా? నిద్రలో ఎవరైనా తొక్కారా?

గుర్రుమనడానికి ముందే శరీరం చెబుతుంది. ఆకలి లేకుండా పెదాలు నాకడం, నిద్ర రాకుండా ఆవులించడం, మొహం పక్కకి తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం, చెవులు వెనక్కి అంటించడం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం. ఇవన్నీ ఇబ్బందికి గుర్తులు. పిల్లలు కుక్క మెడ చుట్టూ చేతులు వేసి ఫొటో దిగుతున్నప్పుడు దాని మొహం చూడండి, సగం కుక్కలు ఇలాగే ఉంటాయి. తోక ఊపితే సంతోషమేనన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. నడుముతో సహా వదులుగా ఊగితే సంతోషం. తోక నిలువుగా లేచి, బిగుసుకుని, చిన్నగా వణికినట్టు ఆడుతుంటే దూరంగా ఉండండి.

దసరా, కాళీపూజ రోజుల్లో బాంబుల మోతకి, పెళ్ళి ఊరేగింపుల్లో డీజేకి వణికే కుక్కల గురించి నన్ను చాలామంది అడుగుతారు. చీకటి పడక ముందే తిప్పి తెచ్చి, కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, మంచం కిందో బీరువా పక్కనో దాక్కుంటానంటే దాక్కోనివ్వండి. బయటికి లాగకండి. దగ్గరికి తీసుకుని నిమిరితే భయం ఇంకా అలవాటవుతుందని కొందరు చెబుతారు, అది నిజం కాదు. మీ పక్కన ఉండాలనుకుంటే ఉండనివ్వండి. ఆ రాత్రుల్లో బెదిరి పారిపోయి తప్పిపోయే కుక్కలు ఎక్కువ కాబట్టి మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాసి ఉంచండి.

గోమార్లు, వానలు, ఎండ

మా గజపతి జిల్లాలోనూ, ఏటి అవతల పాతపట్నం వైపూ కుక్కలను ఎక్కువగా బాధపెట్టేవి గోమార్లు. రక్తం తాగడం ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు, అవి జ్వరాలు కూడా అంటిస్తాయి. గోమారు జ్వరం వచ్చిన కుక్క ముందు నీరసంగా ఉంటుంది, తిండి తగ్గిస్తుంది. తర్వాత చిగుళ్ళు పాలిపోతాయి. కొన్నింటికి పొట్ట మీద ఎర్రటి చుక్కలు వస్తాయి, ముక్కులోంచి రక్తం కారుతుంది. కాఫీ రంగు మూత్రం వస్తే అది ఇంకో రకం గోమారు జ్వరం కావచ్చు. రెండింటికీ రక్త పరీక్ష చేసి మందులిస్తారు. మొదటి రకానికి సాధారణంగా డాక్సీసైక్లిన్ నాలుగు వారాల పాటు వాడమంటారు. నాలుగు రోజులకే కుక్క లేచి తిరుగుతుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఆపకండి. లోపల మిగిలింది నెలల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది.

గోమారును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. వేళ్ళతో చిదమకూడదు. తీసినదాన్ని స్పిరిట్‌లో వేయండి. కిరసనాయిలు పూయడం, పొలానికి కొట్టే మందు రాయడం వద్దే వద్దు. కుక్క దాన్ని నాకుతుంది, చర్మం కాలుతుంది, ప్రాణం పోవచ్చు. ఆడ గోమారు కుక్క మీద నుంచి దిగి గోడ పగుళ్ళలో వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకి మందు వేసినా ఇంటి గోడ బీటలు, అరుగు సందులు, పడుకునే గోనె సంచి శుభ్రం చెయ్యకపోతే పక్షం రోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు ఊళ్ళన్నీ నీళ్ళలో నానాయి. అలాంటి వరద నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, వాంతులు, పచ్చబడిన కళ్ళు దాని గుర్తులు. కుక్క మూత్రం నుంచి మనుషులకీ అంటుతుంది, కాబట్టి చేతులకు తొడుగు లేకుండా శుభ్రం చెయ్యకండి. దానికి టీకా ఉంది, డాక్టరుగారిని అడగండి.

ఎండాకాలం రేకుల షెడ్డు కింద కుక్కను కట్టి ఉంచకండి. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని దారి. రొప్పు ఆగకుండా, చిగుళ్ళు ఎర్రగా మారి, చొంగ చిక్కగా కారి, తూలుతుంటే వడదెబ్బ. నీడకి చేర్చి ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోసి, ఫ్యాన్ పెట్టి, అలా తడుపుతూనే ఆసుపత్రికి బయల్దేరండి. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకండి. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఈ ప్రమాదం ఎక్కువ.

తిండి, మందులు

చద్దన్నం, పఖాళ (నీళ్ళు పోసి నానబెట్టిన అన్నం) మిగిలింది కుక్కకి పెట్టడం మా ఇళ్ళలో మామూలు. అన్నంతో ఇబ్బంది లేదు గాని అందులో నంజుకునే ఉల్లిపాయ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. ద్రాక్ష, పాయసంలో వేసే కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. చాక్లెట్ వద్దు. ఉడికిన కోడి ఎముకలు ముల్లుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఇంట్లో మన జ్వరానికీ నొప్పులకీ ఉండే మాత్రలు కుక్కకి వేయకండి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో రక్తస్రావం తెస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా మీ అంతట మీరు వేసేది కాదు.

కుక్కపిల్ల రెండు వాంతులు చేసుకుని నీళ్ళ విరేచనం మొదలుపెట్టి, అందులో రక్తం, భరించలేని వాసన ఉంటే పార్వో అనే వైరస్ జబ్బు అనుకోవాలి. తెల్లారనీ చూద్దాం అనకండి, గంటలే లెక్క. సెలైన్ ఎక్కించడం త్వరగా మొదలైతే బతికే అవకాశం బాగా పెరుగుతుంది. ఆ క్రిమి నేలలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి ఒక పిల్ల పోయిన ఇంట్లోకి వెంటనే టీకా లేని ఇంకో పిల్లని తేకూడదు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా వేయించాలి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చిన నెలా రెండు నెలల తర్వాత నీళ్ళు విపరీతంగా తాగుతూ, పొట్ట పెరిగి, నీరసపడితే గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. చీము బయటికి కనబడకుండా కూడా ఉంటుంది. దానికి మాత్రలతో కాలం గడపకూడదు, ఆపరేషన్ కావాలి.

రేబిస్ గురించి మాత్రం ఎవరి మాటా వినకండి

మా సందులో ఒకసారి తెలియని కుక్క ఒకటి తూలుతూ వచ్చింది. దవడ వేలాడుతోంది, చొంగ కారుతోంది. "అక్కా, కాలవలో మూతి పెడుతోంది కదా, నీళ్ళంటే భయం లేదు, పిచ్చి కాదులే" అని ఒక కుర్రాడు దగ్గరికి వెళ్ళబోయాడు. నేను అరిచి ఆపాను. నీళ్ళంటే భయం మనిషికి వచ్చే లక్షణం. రేబిస్ వచ్చిన కుక్క నీళ్ళలో మూతి పెట్టగలదు, మింగలేకపోతుంది. దానిలో ముందు మారేది నడవడి. సాధువైనది మీదపడుతుంది, పొగరుగా ఉండేది మూలన నక్కుతుంది, అరుపు బొంగురుపోతుంది, రాళ్ళూ కర్రలూ కొరుకుతుంది.

కుక్క కరిచినా, గోళ్ళతో గీరినా, పుండు మీద నాకినా వెంటనే పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు రాయకండి. పర్లాకిమిడి అయినా పాతపట్నం అయినా ప్రభుత్వ ఆసుపత్రికి అదే రోజు వెళ్ళండి. కండకి వేసే టీకా మొదటి రోజు (దాన్ని 0గా లెక్కపెడతారు), తర్వాత 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. చర్మంలో వేసే పద్ధతిలో 14వ రోజు సూది ఉండదు. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ క్రిమిని వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయాలి, అడిగి వేయించుకోండి. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకి మందు లేదు. కరిచింది ఇంటి కుక్క అయితే పది రోజులు కట్టి ఉంచి చూస్తారు గాని, మీ టీకా అందాకా ఆపకండి.

మీ కుక్కకి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, ఆపైన ఏటా వేయించండి. సెప్టెంబరు 28న, ప్రపంచ రేబిస్ దినం నాడు, చాలాచోట్ల పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. వీధి కుక్కలకి అన్నం పెట్టేవాళ్ళు ఆ రోజు వాటినీ తీసుకెళ్తే ఇంకా మంచిది.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్ళండి. మా దగ్గర ఒక డాక్టరుగారు ఒడియాలో అడుగుతారు, ఏరు దాటితే తెలుగులో అడుగుతారు. కాగితం మీద అంకెలు రాసి ఉంటే ఏ భాషైనా పని జరుగుతుంది. ఎప్పటి నుంచి తినడం లేదు, ఎన్ని వాంతులు, ఎన్ని విరేచనాలు, జ్వరం ఎంత, నిద్రలో ఊపిరి ఎంత, చివరి టీకా తేదీ. విరేచనం, వాంతి, మూత్రం రంగు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. కుంటడం, ఫిట్స్, వింతగా దగ్గడం లాంటివి వీడియో తీయండి. ఆసుపత్రి బల్ల ఎక్కగానే చాలా కుక్కలు భయంతో ఆ లక్షణం కనబడనివ్వవు.