రేకు డబ్బా, పైజో ప్లేటు, మిక్సర్‌తో హార్ష్ నాయిస్

హార్ష్ నాయిస్‌కు, అంటే కరకు రొదతోనే చేసే సంగీతానికి, గిటారూ అక్కర్లేదు, కీబోర్డూ అక్కర్లేదు. టోక్యోలో 1979 నుంచి మెర్జ్‌బో పేరుతో పనిచేస్తున్న మసామి అకితా సొంతంగా చేసుకున్న ఇనుప వాయిద్యాలకు స్ప్రింగులు, కాంటాక్ట్ మైకులు (వస్తువుకు అతుక్కుని దాని కంపనాలను పట్టేవి) బిగించి వాటిని గీకుతూ వాయించాడు. మొదటిసారి చేసేవాళ్లకు ఒక బిస్కెట్ల రేకు డబ్బా, 27 మిల్లీమీటర్ల పైజో ప్లేటు (కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే బిళ్ల), రెండు పెడళ్లు (ఒకటి శబ్దాన్ని కరకుగా మార్చే డిస్టార్షన్ పెడల్), ఆక్స్ సెండ్ (సిగ్నల్‌ను విడిగా బయటికి పంపే దారి) ఉన్న చిన్న మిక్సర్ చాలు. పెడళ్ల మీద డబ్బు పోసే ముందు మిక్సర్ కొనండి.

వీలైతే వైర్లు ముందే అతికించిన పైజో కొనుక్కోండి. మీరే టంకం వేస్తే, మధ్యలోని తెల్లటి భాగం మీద ఐరన్‌ను ఒకటి రెండు సెకన్లకు మించి ఆనించొద్దు. పైనున్న వెండి పూత లేచిపోతే ఆ ప్లేటు పనికిరాదు. ఇత్తడి అంచును ముందు గరుకు కాగితంతో రుద్దితే టంకం పట్టుకుంటుంది. షీల్డెడ్ కేబుల్ వాడండి: లోపలి తీగ తెల్లటి భాగానికి, చుట్టూ ఉన్న అల్లిక ఇత్తడికి. తిరగేస్తే హమ్ మోగుతూనే ఉంటుంది.

ఇత్తడి వైపును డబ్బా మూత లోపల ఎపాక్సీతో పలచగా అతికించండి. ఫోమ్ ఉన్న టేపు వద్దు, పదునంతా అదే తినేస్తుంది. తీగలు లాగినా టంకం ఊడకుండా వాటిని విడిగా ఒకచోట జిగురుతో అదిమి పెట్టండి. మూతకు రెండు స్ప్రింగులు బిగించి, లోపల నాలుగైదు బోల్టులు వేయండి. మరీ ఎక్కువ వేస్తే అన్నీ కలిసి ఒకటే గలగల అవుతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. డబ్బాను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు పెట్టి, శబ్దం సన్నగా వస్తోందని పైజోను తిడతారు. తప్పు పైజోది కాదు. ఈ సైజు ప్లేటు దాదాపు 20 నానోఫారడ్‌ల కెపాసిటర్ లాంటిది. 10 కిలోఓమ్‌ల ఇన్‌పుట్‌కు తగిలిస్తే సుమారు 800 హెర్ట్జ్ కిందున్నదంతా బలహీనపడుతుంది. అదే 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న గిటార్ పెడల్‌కు పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది. కాబట్టి ముందు పెడల్, తర్వాతే మిక్సర్. పైజోను గట్టిగా కొడితే పదుల వోల్టులు పుట్టవచ్చు. జాక్ దగ్గర రెండు 5.1 వోల్ట్ జీనర్ డయోడ్‌లను ఎదురెదురుగా సిరీస్‌లో కలిపి, సిగ్నల్‌కూ గ్రౌండ్‌కూ మధ్య పెడితే పెడల్ క్షేమం. ఫాంటమ్ పవర్ (తీగ ద్వారా మైకుకు వెళ్లే కరెంటు) ఉన్న మైక్ ఇన్‌పుట్ జోలికి పోవద్దు.

ఇక ఫీడ్‌బ్యాక్, అంటే మిక్సర్ నుంచి బయటికొచ్చిన సిగ్నల్‌ను తిరిగి దాని లోపలికే పంపి లూప్ కట్టడం. డబ్బా, దాని పెడల్ మొదటి ఛానెల్‌కు. ఆక్స్ సెండ్ నుంచి ఇంకో పెడల్‌కు, అక్కణ్ణుంచి రెండో ఛానెల్‌కు తీగ తీసుకెళ్లండి. అన్ని నాబ్‌లూ సున్నా దగ్గర, మెయిన్ ఫేడర్ బాగా కింద ఉండాలి. ఇప్పుడు రెండో ఛానెల్ ఆక్స్ నాబ్‌ను మెల్లగా పెంచండి. ఒక చోట ఈల మొదలవుతుంది. రాకపోతే ఆ ఛానెల్ గెయిన్ కాస్త పెంచండి. ఆక్స్ ప్రీ-ఫేడర్ (ఫేడర్ కంటే ముందే సిగ్నల్ తీసుకునేది) అయితే ఛానెల్ ఫేడర్ దించినా లూప్ లోపల తిరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి మర్చిపోయి ఫేడర్ ఎత్తితే స్పీకర్ గుండెలదిరేలా అరుస్తుంది.

ఈల ఒకే స్వరం దగ్గర అతుక్కుపోతే, అక్కడే లూప్‌కు గెయిన్ ఎక్కువ ఉందన్నమాట. ఆ ఛానెల్ మిడ్ ఈక్యూ (మధ్యస్థ స్వరాలను పెంచి తగ్గించే నాబ్) తగ్గించండి, స్వరం ఇంకోచోటికి దూకుతుంది. ఆ దూకుడే వాయించడం. మొదటి ఛానెల్ ఆక్స్ కూడా తెరిస్తే, డబ్బా కొట్టినప్పుడల్లా పెడల్ నిండిపోయి ఈల నలిగిపోతుంది, వదలగానే తిరిగొస్తుంది. లూప్‌లో డిలే పెడల్ పెడితే ఆ రాకపోకలకు లయ దొరుకుతుంది.

డిస్టార్షన్ శబ్దం ట్వీటర్లను (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లను) తొందరగా కాల్చేస్తుంది, పాత గిటార్ ఆంప్ నయం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని లూప్ కట్టొద్దు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు భరించవచ్చని లెక్క, 100 దగ్గర 15 నిమిషాలే, ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. ఆపేటప్పుడు మెయిన్ ఫేడర్ దించి, ఆంప్ ఆపి, ఆ తర్వాతే తీగలు పీకండి.