మా ఇంటి నూనె డబ్బా చెప్పిన కేలరీల లెక్క

నాకు 44 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పట్లో బరువు 72 కిలోలు, ఉద్యోగం కుర్చీలో. రోజుకు ఎన్ని కేలరీలు కావాలో తెలుసుకోవడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం వాడాను. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో హెచ్చించి కలపాలి. అందులోంచి వయసుకు అయిదు రెట్లు తీసేయాలి. ఆ పైన ఆడవాళ్లయితే 161 తీయాలి, మగవాళ్లయితే 5 కలపాలి. నాకు దాదాపు 1,327 వచ్చింది. రోజంతా కదలకుండా పడుకున్నా ఒంటికి అయ్యే ఖర్చు ఇది.

దీన్ని చేసే పనిని బట్టి హెచ్చించాలి: ఎక్కువసేపు కూర్చునేవాళ్లు 1.2తో, కాస్త తిరిగేవాళ్లు 1.375తో. నేను పొరపాటు పడింది ఇక్కడే. పొద్దున అరగంట నడుస్తున్నాను కదా అని 1.375 వేసుకుంటే 1,824 వచ్చింది. బరువు తగ్గాలని అందులో 300 తగ్గించి తిన్నా నెల తిరిగేసరికి తూకం ముల్లు కదల్లేదు. మిగతా రోజంతా కూర్చునేదాన్ని. నాకు సరైనది 1.2, అంటే 1,592. అనుమానం ఉంటే చిన్న అంకే వేసుకోండి.

ఇక తిండి. అన్నాన్ని గరిటెలతో లెక్కపెట్టకండి, ఒక్క వారం తూచి చూడండి. కొంచెమే అనుకున్న నా అన్నం 320 గ్రాములు తూగింది. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు, అంటే పూటకు 400 పైనే.

నూనె అంతకన్నా దొంగది, కంచంలో కనపడదు. అందుకని నెలకు ఎన్ని లీటర్లు కొంటున్నారో చూసి మనుషులతో భాగించండి. లీటరు నూనెలో సుమారు 8,200 కేలరీలు. మా నలుగురికి నెలకు 5 లీటర్లు అయ్యేది: తలా రోజుకు 340. గరిటెతో పోయడం మాని చెంచాతో కొలిచి, 3 లీటర్లకు తెచ్చాను. తాలింపు రుచేమీ తగ్గలేదు.

రోజూ పొద్దున పరగడుపున బరువు చూసి, వారం సగటు రాసుకోండి. ఆవకాయ తిన్న మర్నాడు ఉప్పు వల్ల నీరు పట్టి ముల్లు పెరుగుతుంది, కంగారు పడొద్దు. మూడు వారాలు సగటు కదలకపోతే ఇంకో 100 తగ్గించండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరు మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడగకుండా ఏదీ తగ్గించకూడదు.

69 కిలోలకు వచ్చాక మళ్లీ లెక్క వేస్తే అవసరం 36 కేలరీలు తగ్గింది. సాయంత్రం టీలో వేసుకునే రెండు చిన్న చెంచాల చక్కెర మానేశాను, ఇంచుమించు దానికి సరిపోయింది.